పెట్టె మీద ఒకటి, తెర మీద ముప్పై

మిరపకాయల టిక్కీలు గుంటూరు యార్డులో దింపాక కొనేవాడు ఏం చేస్తాడో మా సత్తెనపల్లి చుట్టుపక్కల పుట్టిన ప్రతివాడికీ తెలుసు. సంచి మూతి విప్పి మోచేతిదాకా చెయ్యి పెడతాడు. పైకాయ వదిలేసి అడుగుకాయ తీస్తాడు. విరుస్తాడు, నెమ్ము ఎంతుందో వేళ్లతోనే పడతాడు, రంగు చూస్తాడు, తాలు ఎంత కలిసిందో చూస్తాడు. ఆ తర్వాతే ధర. పత్తి అయితే సీసీఐ కేంద్రంలో తేమ కొలిచే మిషను పెడతారు, 12 శాతం దాటితే బోరెం ఇంటికే. ఇన్ని చేతులు, ఇన్ని మిషన్లు తడిమి చూశాక రైతు జేబులో పడుతుంది డబ్బు. ఆ డబ్బులోంచి పద్నాలుగు వేల ఐదు వందలు పెట్టి మా మేనల్లుడు గేమింగ్ మానిటర్ కొన్నాడు. వాడికి మాత్రం సంచి మూతి ఎవరూ విప్పలేదు. అట్టపెట్టె మీద అరచేయంత అక్షరాలతో ‘1 ఎంఎస్’ అని ఉంది, అంటే తెర మీద రంగు మారడానికి ఒక్క మిల్లీసెకనే పడుతుందని. దాన్నే చూపించారు, దాన్నే నమ్మాడు.

దీన్ని నేను మోసం అంటున్నాను. పొరపాటు అననూ, ‘మార్కెటింగ్ అంటే అంతేలే’ అని సర్దుకోనూ. కొట్టు పేరు, కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. ఒక్క పేరు రాస్తే మిగతావాళ్లంతా తప్పించుకుంటారు. పాపం అందరిదీ.

కొన్న నాలుగో రోజు వాడు ఫోన్ చేశాడు. ‘మావయ్యా, నీడలో మనిషి కదిలితే వెనక తోక వస్తోంది’ అన్నాడు. వాలరెంట్ అనే కాల్పుల ఆట ఆడతాడు. చీకటి మూలలో నక్కినవాడు అడుగు పక్కకేస్తే ఆ ఆకారం నల్లగా అలుక్కుపోయి, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియడం లేదట. ముందు తన కంప్యూటర్‌ది తప్పనుకున్నాడు. తర్వాత గ్రాఫిక్స్ కార్డుది అనుకున్నాడు. చివరికి తన కళ్లదీ, తన చేతిదీ తప్పనుకున్నాడు. మూడు రోజులు ఆ పిల్లవాడు తనను తాను తిట్టుకున్నాడు. నా కోపానికి మొదటి కారణం ఇదే.

నేను వెళ్లి కూర్చున్నాను. నల్లటి తెర మీద ముదురు బూడిద రంగు పలకను అటూ ఇటూ జరిపించి, ఫోన్లో స్లోమోషన్ పెట్టి తీశాను. సెకనుకి 240 ఫ్రేములు, అంటే ఒక్కో ఫ్రేముకి నాలుగు మిల్లీసెకన్ల పైచిలుకు. పలక దాటిపోయాక దాని మరక పూర్తిగా చెరగడానికి ఏడు ఫ్రేములు పట్టింది. దాదాపు ముప్పై మిల్లీసెకన్లు. పెట్టె మీద ఒకటి, తెర మీద ముప్పై! ఆ మానిటర్ 165 హెర్ట్జ్‌ది. ఆరు మిల్లీసెకన్లకో కొత్త బొమ్మ వేస్తుంది. మొదటి బొమ్మ మరక చెరిగేలోగా మరో నాలుగు బొమ్మలు దాని మీద పడిపోతున్నాయి.

అది వీఏ రకం ప్యానెల్. ఈ మాట పెట్టె ముందు వైపు ఎక్కడా లేదు. వెనక కింది మూలన, సూదిమొనంత అక్షరాల్లో ఉంది. వీఏలో ద్రవస్ఫటికాలు కరెంటు లేనప్పుడు గాజుకి నిటారుగా నిలబడి వెనక దీపం కాంతిని గట్టిగా ఆపేస్తాయి. అందుకే దాని నలుపు అమావాస్య నలుపులా ఉంటుంది. తెలుపుకీ నలుపుకీ తేడా 3000కి 1 ఉండటం వీఏలో మామూలే. సినిమా చూసేవాడికి అది వరం. కానీ ఆ నిటారు స్థితి నుంచి కొంచెం వంచి ముదురు బూడిద చెయ్యాలంటే ఇచ్చేది చాలా చిన్న వోల్టేజి. ఆ చిన్న తోపుకి స్ఫటికం బద్ధకంగా కదులుతుంది. చీకట్లో ఆడే ఆటకి సరిగ్గా అక్కడే దెబ్బ.

ఐపీఎస్ రకం ప్యానెల్ సంగతి వేరు. హిటాచీ 1996లో తెచ్చిన ఈ పద్ధతిలో స్ఫటికాలు గాజుకి సమాంతరంగా పడుకుని అదే తలంలో తిరుగుతాయి. పక్కనుంచి చూసినా రంగు మారదు. ఇప్పటి మంచి ఐపీఎస్‌లో చీకటి నుంచి వెలుగుకీ వెలుగు నుంచి చీకటికీ మార్పు ఇంచుమించు ఒకే వేగంతో జరుగుతుంది. దాని లోపం నలుపు, చాలావాటిలో వెయ్యికి ఒకటి దగ్గర ఆగిపోతుంది. లైటు ఆర్పిన గదిలో మూలలు పాలిపోయి మెరుస్తాయి. టీఎన్ రకం పాతది, వేగంగా కదులుతుంది, కానీ కుర్చీలో కాస్త కిందికి జారితే రంగులు తిరగబడతాయి. ఓఎల్ఈడీకి వెనక దీపమే లేదు, చుక్క చుక్కా తనంతట తనే వెలిగి ఆరుతుంది, మిల్లీసెకనులో చిన్న భాగం చాలు దానికి. అయితే ధర మా ఇళ్ల వైపు చూడదు, పైగా కదలకుండా ఉండే స్కోరు పట్టీల అచ్చు ఏళ్లు గడిచేకొద్దీ తెరలో దిగబడే ప్రమాదం ఉంది.

వీఏని తిట్టడం నా ఉద్దేశం కాదు. 2020లో వచ్చిన శామ్‌సంగ్ ఒడిస్సీ జీ7 వీఏనే, చీకట్లోనూ అది చురుగ్గా కదిలింది. అంటే శ్రద్ధ పెట్టి, ఖర్చు పెట్టి చేస్తే వీఏ కూడా పరిగెడుతుంది. చవకగా చేస్తే ఈడుస్తుంది. రెండింటి పెట్టెల మీదా మాత్రం అదే ఒకటి అంకె! తేజ కాయకీ తాలు కాయకీ ఒకే చీటీ అంటించి అమ్మితే యార్డు ఊరుకుంటుందా?

ఆ ఒకటి ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. రెండు దారులున్నాయి. మొదటిది జీటీజీ, ఒక బూడిద ఛాయ నుంచి ఇంకో బూడిద ఛాయకి మారే సమయం. పరిశ్రమలో అలవాటైన లెక్క ప్రకారం మార్పులో మొదటి పది శాతం, చివరి పది శాతం కోసేసి మధ్యలోదే కొలుస్తారు. తోక మిగిలేది ఆ చివరి పది శాతంలోనే! పైగా వందల కొద్దీ ఛాయల జతల్లో ఏది అన్నిటికన్నా త్వరగా మారిందో దాన్ని ఏరుకునే వీలుంది. అదీ ఓవర్‌డ్రైవ్‌ని ఆఖరి మెట్టుకి తోసి కొలుస్తారు. ఓవర్‌డ్రైవ్ అంటే స్ఫటికాన్ని త్వరగా కదిలించడానికి అవసరానికి మించి వోల్టేజి కొట్టడం. అతిగా కొడితే స్ఫటికం గమ్యం దాటిపోయి వెనక్కి వస్తుంది. అప్పుడు నల్ల తోక పోయి తెల్ల తోక వస్తుంది. ఆ మెట్టు మీద ఎవడూ ఆడలేడు. ఆడలేని స్థితిలో కొలిచిన అంకెని ఆడేవాడికి అమ్ముతున్నారు.

రెండో దారి ఎంపీఆర్‌టీ. అంటే కదిలే బొమ్మ కంటికి ఎంత మసకగా కనబడుతుందో చెప్పే కొలత. ఇది ఇంకా ఘోరం, ఎందుకంటే ఇది ప్యానెల్ వేగమే కాదు. మన కన్ను కదిలే వస్తువు వెంట పరిగెడుతుంది, తెర మీది బొమ్మ మాత్రం తర్వాతి ఫ్రేము వచ్చేదాకా ఉన్నచోటే నిలబడుతుంది. ఆ రెండిటి మధ్య తేడా మనకి మసకగా కనబడుతుంది. సెకనుకి 960 చుక్కల వేగంతో కదిలే బొమ్మని 60 హెర్ట్జ్ తెర మీద చూస్తే 16 చుక్కల మేర అలుక్కుంటుంది, 240 హెర్ట్జ్ మీద నాలుగే. ప్యానెల్ ఎంత వేగమైనా, ఓఎల్ఈడీ అయినా సరే, ఈ లెక్క తప్పదు. దీన్ని తగ్గించడానికి వెనక దీపాన్ని ఫ్రేముకోసారి రెప్పపాటు వెలిగించి ఆర్పేస్తారు. మసక తగ్గుతుంది, ‘1 ఎంఎస్ ఎంపీఆర్‌టీ’ అని రాసుకుంటారు. దాంతో తెర వెలుగు పడిపోతుంది. చాలా మానిటర్లలో ఆ పద్ధతి పెడితే, గ్రాఫిక్స్ కార్డు వేగానికి తెర వేగాన్ని జతచేసే ఫ్రీసింక్ పనిచెయ్యదు. స్ఫటికం బద్ధకం ఎక్కడికీ పోలేదు, దీపం ఆర్పి కప్పిపెట్టారు. పెట్టె మీద చివరి మాట ఎంపీఆర్‌టీని చీమ తలకాయంత రాసి, ముందున్న ఒకటిని గుమ్మడికాయంత రాస్తారు. వాళ్లకి తేడా తెలుసు కాబట్టే ఆ సైజులు.

‘తక్కువ ధరకి కొన్నావు, ఇంకేం ఆశిస్తావు’ అని నాకు నీతి చెప్పినవాళ్లున్నారు. తక్కువ ధరకి తక్కువ సరుకు ఇస్తే నాకు అభ్యంతరం లేదు. తక్కువ సరుకు అని చెప్పి ఇవ్వాలి. పెట్రోలు బంకులో అనుమానం వస్తే 5 లీటర్ల కొలత పాత్ర తెప్పించి కొలిపించుకునే హక్కు మనకుంది. తూకంలో యాభై గ్రాములు తగ్గితే తూనికలు, కొలతల శాఖ వచ్చి కేసు రాస్తుంది. మానిటర్ పెట్టె మీది బీఐఎస్ గుర్తు కూడా షాకు కొట్టకుండా, కాలిపోకుండా చూసే భద్రతకి సంబంధించినదే. ఆ మిల్లీసెకను నిజమో అబద్ధమో ఈ దేశంలో ఎవరూ అడగడం లేదు.

అడగడానికి చట్టం లేక కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ‘ప్రకటన’ అనే మాటకి అర్థం చెబుతూ లేబులునీ, చుట్టే కాగితాన్నీ, బిల్లునీ కూడా అందులో కలిపింది. అట్టపెట్టె మీది ఒకటి కూడా ప్రకటనే. 2022 జూన్ 9న సీసీపీఏ, అంటే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ, తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. గొప్ప చెప్పుకున్న అక్షరాలు ఎలా ఉన్నాయో, దానికి జోడించే వివరణ అక్షరాలూ అలాగే ఉండాలని, ముఖ్యమైన సంగతిని వివరణ ముసుగులో దాచకూడదని అందులో ఉంది. గుమ్మడికాయంత ఒకటి పక్కన చీమ తలకాయంత ఎంపీఆర్‌టీ పెట్టినవాళ్లు ఆ కాగితం చదవలేదా?

కొలవడం కష్టం అని కంపెనీలు తప్పించుకోవడానికీ వీల్లేదు. తెరల ప్రమాణాలు రాసే వెసా (VESA) సంస్థ 2022లోనే అడాప్టివ్‌సింక్ డిస్‌ప్లే అనే పరీక్ష తెచ్చింది. మానిటర్ ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అదే సెట్టింగ్‌లో, మామూలు గది వేడిలో, చాలా ఛాయల జతలు కొలిచి సగటు తీస్తారు. ఆ సగటు 5 మిల్లీసెకన్ల లోపు ఉండాలి, ఓవర్‌డ్రైవ్ గమ్యం దాటడానికీ హద్దుంది. అదే ఏడాది ఎంపీఆర్‌టీ గోల వదిలించడానికి క్లియర్‌ఎమ్మార్ అనే ఇంకో కొలత పెట్టింది. గది వేడి ఎందుకు చెప్పారంటే, ద్రవస్ఫటికం వేడికి పలచబడి చురుగ్గా కదులుతుంది, చలికి చిక్కబడుతుంది. ఏటా వేసవిలో రెంటచింతల ఎండ పేపర్లో పడే ప్రాంతం మాది. మే నెల మధ్యాహ్నం చక్కగా కదిలిన తెర సంక్రాంతి తెల్లవారుజామున అంత చక్కగా కదలదు. ఇంత వివరంగా కొలిచే పద్ధతి చేతిలో ఉండగా ఆ ఒకటిని పట్టుకు వేళ్లాడుతున్నారంటే, కొలిస్తే ఏం బయటపడుతుందో వాళ్లకి తెలుసని అర్థం.

ఇక మా పెద్దవాళ్లతో మాట్లాడాలి. ఈ మోసం ఇన్నాళ్లు సాగడంలో మన చెయ్యి కూడా ఉంది. గేమింగ్ అనగానే మనకి ఆన్‌లైన్ రమ్మీ గుర్తొస్తుంది, అప్పులు గుర్తొస్తాయి. ఆ డబ్బాటల్ని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. ఈ-స్పోర్ట్స్ వేరు. 2022 డిసెంబరులో కేంద్రం వాటిని క్రీడల శాఖకి అప్పగించింది, 2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బాటల్ని ఆపి వీటిని విడిగా గుర్తించింది. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వీటికి పతకాలిచ్చారు. అయినా మా ఇళ్లల్లో ‘ఆ బొమ్మలాటకి ఇంత పోశావా’ అనే మాట ఆగలేదు. ఆ మాటకి భయపడే మా మేనల్లుడు మూడు రోజులు నోరు మూసుకున్నాడు. సరుకు చెడ్డదని ఇంట్లో చెబితే, కొన్నందుకు తిట్లు పడతాయి. ఫ్యాను తిరగకపోతే తాలూకా సెంటర్లో కొట్టువాడి ముందు గొంతు చించుకునే నాన్న, కొడుకు మానిటర్ అలికితే ‘చదువుకోరా’ అంటాడు. అమ్మినవాడికి ఇంతకన్నా కావలసిందేముంది?

కొనబోయే పిల్లలకి చెబుతున్నాను. అంకె అడగొద్దు, ప్యానెల్ ఏమిటని అడగండి. ఎంఎస్ అంటే జీటీజీనా, ఎంపీఆర్‌టీనా అని అడగండి, బిల్లు మీద రాయించుకోండి. కొట్టులోనే ప్లగ్గు పెట్టించండి. నల్ల తెర మీద ముదురు బూడిద గీతని పరిగెత్తించి ఫోన్లో స్లోమోషన్ తియ్యండి. ఓవర్‌డ్రైవ్ మధ్య మెట్టులో ఒకసారి, ఆఖరి మెట్టులో ఒకసారి. ఇంటికెళ్లాక విండోస్‌లో రిఫ్రెష్ రేటు మార్చుకోండి. 165 హెర్ట్జ్ కొని నెలల తరబడి 60లోనే ఆడినవాళ్లని నేను చూశాను. ఆ సెట్టింగ్ ఎక్కడుందో అమ్మినవాడు చెప్పి ఉండాలి, చెప్పలేదు. తోక కనిపిస్తే 1915కి ఫోన్ చెయ్యండి. మీరు ఉండే చోటు నుంచే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు, 5 లక్షల లోపు సరుకుకి ఫీజు కూడా లేదు.

ఆ రాత్రి మా బావకి వీడియో చూపించాను. ఆయన కంప్యూటర్ ముట్టుకోని మనిషి, ముప్పై ఏళ్లుగా మిరప వేస్తున్నాడు. ఫోన్ దగ్గరికి పెట్టుకుని మూడుసార్లు చూశాడు. ఆ నల్ల మరక మీద వేలు పెట్టి, ‘ఇది తాలేగా’ అన్నాడు. తర్వాత కొడుకు వైపు తిరిగి, తిట్టకుండా అడిగాడు.

‘కొనేముందు విప్పి చూపించమని అడగలేదంట్రా?’

‘అడిగాను నాన్నా. సీలు తీస్తే వెనక్కి తీసుకోం అన్నారు.’

ఫిర్యాదు కాగితంలో మొదటి వాక్యంగా అదే రాశాం. బావ సంతకం పెట్టాడు.