741 దొరక్కపోతే ఏది పెడతారు?

ఆప్‌-యాంప్ గురించి చెప్పమంటే మన ఈసీఈ విద్యార్థులు గడగడా చెప్పేస్తారు. గెయిన్ అనంతం, ఇన్‌పుట్ రెసిస్టెన్స్ అనంతం, అవుట్‌పుట్ రెసిస్టెన్స్ సున్నా. అదే ఇంటర్వ్యూలో ‘ఈ సర్క్యూట్‌లో ఉన్న ఐసీ దొరకడం లేదు, బదులుగా ఏది పెడతారు?’ అని అడిగితే చాలామంది తడబడతారు. కోర్ ఉద్యోగం కావాలనుకునేవారికి ఈ రెండో ప్రశ్నే ముఖ్యం.

తప్పంతా విద్యార్థులదే అనలేం. ల్యాబ్ రికార్డులో మొదటి పేజీ నుంచి చివరి దాకా 741 ఒక్కటే కనిపిస్తుంది. 1968లో ఫెయిర్‌చైల్డ్ తెచ్చిన ఐసీ అది. చవక, మొండిది, నేర్చుకోవడానికి ఇప్పటికీ మంచిదే. ఉద్యోగంలో పని అలా ఉండదు. 2020 తర్వాత చిప్‌ల కొరత వచ్చినప్పుడు, లేనిదాని స్థానంలో ఉన్నది పెట్టి బోర్డును నడిపించగల ఇంజినీర్ల అవసరం ఎంతో అందరికీ తెలిసొచ్చింది.

కోఠిలో ఏదో దుకాణానికి వెళ్లి 741 అడిగారనుకోండి. ‘అది లేదు, టీఎల్‌071 తీసుకో, పిన్నులు అవే’ అంటారు. నిజమే. ఇన్‌పుట్‌లు 2, 3, అవుట్‌పుట్ 6, సప్లై 4, 7. రెండింటికీ ఒకటే. కానీ పిన్నులు కలిస్తే ఐసీ సాకెట్‌లో కూర్చుంటుంది, అంతే. పని చేస్తుందా లేదా అన్నది మీ సర్క్యూట్ ఏం చేస్తోందన్న దాన్ని బట్టి ఉంటుంది.

పీహెచ్ మీటర్ తీసుకోండి. దాని ఎలక్ట్రోడ్ రెసిస్టెన్స్ 100 మెగాఓమ్‌లు ఉందనుకుందాం. 741 ఇన్‌పుట్ లాగే కరెంటు మామూలుగా 80 నానోఆంపియర్లు. గుణిస్తే 8 వోల్టుల తప్పు! కొలవాల్సిన సిగ్నల్ వోల్టులో సగం కూడా ఉండదు. టీఎల్‌071 లాగేది పికోఆంపియర్లలో కాబట్టి తప్పు కొన్ని మిల్లీవోల్టులకు దిగుతుంది. ఇక్కడ దుకాణదారు సలహా బ్రహ్మాండం. అదే సలహా థర్మోకపుల్ దగ్గర బెడిసికొడుతుంది. కే రకం థర్మోకపుల్ ఒక్కో డిగ్రీకి ఇచ్చేది సుమారు 41 మైక్రోవోల్టులే. 741లో 1 మిల్లీవోల్ట్ ఆఫ్‌సెట్ ఉంటే రీడింగ్ పాతిక డిగ్రీలు తప్పుతుంది. టీఎల్‌071లో ఆఫ్‌సెట్ 3 మిల్లీవోల్టుల దాకా ఉండటం మామూలే, అంటే 70 డిగ్రీల పైమాటే. అక్కడ కావాల్సింది ఆఫ్‌సెట్ పదుల మైక్రోవోల్టుల్లో ఉండే ఓపీ07. దానిలోనూ ఒక మెలిక ఉంది. 741లో ఆఫ్‌సెట్ సరిచేసే పాట్‌ను 1, 5 పిన్నుల మధ్య పెట్టి మైనస్ సప్లైకి కలుపుతాం. ఓపీ07లో అది 1, 8 మధ్య, ప్లస్ సప్లైకి. పాత పాట్‌ను అలాగే వదిలేసి ఐసీ ఒక్కటే మారిస్తే కుదరదు.

ప్రాజెక్టుల్లో ఎక్కువగా దెబ్బతినేది సప్లై దగ్గర. ఎల్‌ఎం358, టీఎల్‌072, ఎంసీపీ6002 మూడింటికీ పిన్నులు ఒకటే. 5 వోల్టుల బోర్డు మీద ఎల్‌ఎం358 ఇన్‌పుట్ గ్రౌండ్ దాకా పనిచేస్తుంది, అవుట్‌పుట్ మాత్రం మూడున్నర వోల్టులు దాటడం కష్టం. టీఎల్‌072 ఇన్‌పుట్ గ్రౌండ్ దగ్గరికి వస్తే అవుట్‌పుట్ తలకిందులైపోవచ్చు. ఎంసీపీ6002 రెండు కొసలకూ దాదాపుగా వెళ్తుంది, కానీ దాని హద్దు 6 వోల్టులు. 12 వోల్టుల బోర్డులో పెడితే కాలిపోతుంది.

వేగం ఎక్కువున్నదే మెరుగనుకోవడం కూడా పొరపాటే. ఓపీ27 బదులు ఇంకా చురుకైన ఓపీ37 పెడితే, గెయిన్ 5 కంటే తక్కువున్న సర్క్యూట్‌లో అది ఆసిలేట్ అవుతుంది.

కాబట్టి ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న వస్తే వెంటనే ఐసీ నంబర్ చెప్పకండి. సప్లై ఎంత, సోర్స్ రెసిస్టెన్స్ ఎంత, సిగ్నల్ ఎంత చిన్నది, ఎంత వేగం అని ఎదురు అడగండి. అలా అడగడం తెలియాలంటే మీ ప్రాజెక్టులోని ఐసీకి రెండు ప్రత్యామ్నాయాలు వెతికి, మూడు డేటాషీట్లనూ పక్కపక్కన పెట్టి ఓ సాయంత్రం చదవండి.

కాలేజీలకూ ఒక మాట. ఒకే బ్రెడ్‌బోర్డు మీద 741 తీసి టీఎల్‌071 పెట్టించండి. 20 కిలోహెర్ట్జ్ దగ్గర 10 వోల్టుల పీక్ సైన్ వేవ్‌కు మైక్రోసెకనుకు 1.25 వోల్టుల స్లూ రేట్ కావాలి. 741కు ఉన్నది 0.5, టీఎల్‌071కు 13. మొదటిది తెర మీద త్రిభుజం గీస్తుంది, రెండోది సైన్ వేవే ఇస్తుంది. ఈ ప్రయోగానికి కొత్త పరికరమేదీ అక్కర్లేదు. ఈసారి ల్యాబ్ సామాన్ల ఇండెంట్‌లో ఆ ఒక్క ఐసీ కూడా రాస్తే చాలు.