ఆ అంకెలో ఎవరెవరున్నారు?

కుమ్హారిలో మా ఇంటి ప్రక్కన ఒక పెద్దాయన ఉంటున్నారు. భిలాయి ఉక్కు కర్మాగారపు ప్రయోగశాలలో ముప్ఫయి ఏళ్ళు లోహపు నమూనాలు పరీక్షించి పదవీ విరమణ చేసినవారు. మొన్న ఒక ఉదయం రక్తపరీక్ష కాగితం చేత పట్టుకొని వచ్చి, "ఏమండీ, మీరు ఇంగ్లీషు పుస్తకాలు తెలుగు చేస్తారు గదా, దీనిని కూడ తెలుగు చేయండి చూద్దాం" అన్నారు.

అందులో మొత్తం కొలెస్టరాల్ 212 అని ఉన్నది. ఆయనకు రక్తపోటు కూడ ఉండటంవల్ల డాక్టరు ఒక మాత్ర వ్రాసి ఇచ్చారు. వారం గడిచినా ఆయన దానిని కొననే లేదు. కారణం ఇది: ఆరు నెలలుగా వారింట తవుడు నూనె వాడుతున్నారు. అందులో కొలెస్టరాల్‌ను పోలిన పదార్థమున్నదని ఆయన ఎక్కడో చదివారు. "లోహంలో ఒక మూలకాన్ని కొలుస్తుంటే దాని పోలికగల మరొకటి మధ్యలో దూరి లెక్క చెడగొట్టడం నేను ఎన్నిసార్లో చూశాను. ఈ 212 లో ఆ చుట్టం వాటా ఎంత? అది తీసివేస్తే నాకు మాత్ర అవసరం ఉంటుందా?" అని ఆయన ప్రశ్న.

ప్రశ్న వెర్రిది కాదు. జంతువుల శరీరంలో కొలెస్టరాల్ చేసే పనిని మొక్కలలో సైటోస్టెరాల్, కాంపెస్టెరాల్ మొదలైన స్టెరాలులు చేస్తాయి. నూనెలలో, నువ్వులలో, పప్పులలో, గింజలలో ఇవి ఉంటాయి. అణువుల నిర్మాణం చూస్తే ఇవి కొలెస్టరాల్‌కు తోబుట్టువులే. కొలెస్టరాల్ అణువు తోకకు ఒక కర్బన పరమాణువు అదనంగా చేరితే కాంపెస్టెరాల్, రెండు చేరితే సైటోస్టెరాల్. మిగిలిన శరీరమంతా ఒక్కటే.

ప్రయోగశాల ఈ తోకను చూడదు. నేడు సర్వత్రా వాడుకలో ఉన్న ఎంజైము పద్ధతిని 1974లో అమెరికాలో అలైన్, ఆయన సహచరులు ప్రకటించారు. కొలెస్టరాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము అణువు తలవైపున ఉన్న ఆమ్లజని, ఉదజని జంటను పట్టుకొని పనిచేస్తుంది. అప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడు పుడుతుంది. దానినుండి ఎర్రని రంగు ఏర్పడుతుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే కొలెస్టరాల్ అంత ఎక్కువని లెక్క. గుడి గుమ్మంలో విడిచిన చెప్పుల జతలు లెక్కపెట్టి లోపల ఎందరున్నారో చెప్పినట్లే ఇది. సంఖ్య సరిగానే వస్తుంది. కాని వచ్చినవారిలో ఇంటివారెవరో, చుట్టాలెవరో చెప్పులు చెప్పవు. వృక్ష స్టెరాలులకు కూడ ఆ తల ఉన్నది గనుక అవీ కొలెస్టరాల్ పేరుతోనే కాగితం మీదికి ఎక్కుతాయి.

ఐతే ఎంత? మన ఆహారంలో రోజుకు సుమారు 200 నుండి 400 మిల్లీగ్రాముల వృక్ష స్టెరాలులు ఉంటాయి. తిన్న కొలెస్టరాల్‌లో దాదాపు సగం రక్తంలోకి చేరితే, వీటిలో చేరేది నూటికి అయిదు పాళ్ళకు లోపే. పేగు గోడలోని కణాలు వీటిని గుర్తుపట్టి తిరిగి పేగులోకే నెట్టివేస్తాయి. తప్పించుకొన్నవాటిని కాలేయం పిత్తంతో బయటకు పంపుతుంది. అందుచేత ఆరోగ్యవంతుని డెసిలీటరు రక్తంలో వీటి మొత్తం సాధారణంగా ఒక మిల్లీగ్రాము దాటదు. అంటే 212 లో ఒకటి తీసివేయవచ్చును. 211 మిగులుతుంది.

పైగా తవుడు నూనె చేసే పని దీనికి విరుద్ధమైనది. పేగులో పిత్తరసపు బిందువులలో చోటు కోసం వృక్ష స్టెరాలులు కొలెస్టరాల్‌తో పోటీపడి దానిని బయటకు తోస్తాయి. సోయా స్టెరాలులు కోడిపిల్లల రక్తంలో కొలెస్టరాల్ పెరగకుండా ఆపుతాయని పీటర్సన్ 1951లోనే చూపాడు. తవుడు నూనె మనుషుల రక్తంలోని క్రొవ్వులను తగ్గించటాన్ని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1980 దశకంలో పరిశీలించారు. రోజుకు రెండు గ్రాముల వృక్ష స్టెరాలులు తీసుకొంటే చెడ్డ కొలెస్టరాల్ నూటికి ఎనిమిది నుండి పది వరకు తగ్గుతుంది. ఇది కొలత చేసిన మాయ కాదు, నిజమైన తగ్గుదల.

కొలతనే ఏమార్చగలిగిన వృక్ష పదార్థం మరొకటున్నది: సి విటమిను. రంగు పుట్టకముందే అది పెరాక్సైడును కాజేస్తుంది. అప్పుడు కొలెస్టరాల్, ట్రైగ్లిసరైడులు రెండూ ఉన్నదానికంటె తక్కువగా కనిపిస్తాయి. ఉసిరి పచ్చడికీ జామపండుకూ భయపడనక్కరలేదు. గ్రాముల కొలది మాత్రలు వేసుకొనేవారు, ముఖ్యంగా ఆ విటమినును సూదిమందుగా పొందినవారు, రక్తం ఇచ్చేముందు ఆ సంగతి చెప్పి తీరాలి.

ఇక ఆ చుట్టం వాటా ఒకటితో ఆగని ఇళ్ళు ఎక్కడో కొన్ని ఉంటాయి. అదే 1974లో భట్టాచార్య, కానర్ అనే పరిశోధకులు అమెరికాలో ఇద్దరు అక్కచెల్లెళ్ళను గురించి వ్రాశారు. వారి స్నాయువుల మీద క్రొవ్వు గడ్డలున్నవి, కాని రక్తంలో కొలెస్టరాల్ మామూలుగానే ఉన్నది. స్టెరాలులను విడదీసి చూడగా రక్తంలో సైటోస్టెరాల్ పేరుకొని ఉన్నట్లు తేలింది. పేగులోని ఆ కాపలాదారు పనిచేయకపోవటమే ఈ వ్యాధి. దానికి కారణమైన రెండు జన్యువులను 2000 సంవత్సరంలో గుర్తించారు.

ఈ వ్యాధి ఉన్న పసిపిల్లలలో కొలెస్టరాల్ అంకె కొన్నిసార్లు విపరీతంగా పెరుగుతుంది. వంశపారంపర్యపు కొలెస్టరాల్ జబ్బని పొరబడి, నెయ్యి మాన్పించి నూనెలూ గింజలూ పెట్టమంటే అది అగ్నిలో ఆజ్యమే. సాధారణపు స్టాటిన్ మాత్రలకు ఇది అంతగా లొంగదు. వృక్ష స్టెరాలులు తక్కువగా ఉన్న ఆహారానికి, ఎజెటిమైబ్ అనే మందుకు లొంగుతుంది. గుర్తించకపోతే చిన్న వయసులోనే గుండె రక్తనాళాలు పూడుకుపోవచ్చును.

తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, రెండు లోపభూయిష్ట జన్యువులు కలిస్తేనే ఈ వ్యాధి వస్తుంది. మేనరికాలు మనకు కొత్త కాదు గనుక తెలుగువారు దీనిని దూరదేశపు వింతగా భావించరాదు. పిల్లవాని మోచేతుల మీద, మడమ వెనుక పసుపుపచ్చని గడ్డలు కనిపించి, తల్లిదండ్రులిద్దరి కొలెస్టరాల్ మామూలుగా ఉంటే, స్టెరాలులను విడివిడిగా కొలిచే గ్యాస్ క్రోమటోగ్రఫీ పరీక్ష అవసరమా అని వైద్యుని అడగాలి.

ఇదంతా విని మా పెద్దాయన కాసేపు ఊరుకొన్నారు. "అంటే నా 212 నాదేనన్నమాట" అన్నారు. అవునన్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకొని, ఇంటివైపు కాక మందుల దుకాణం వైపు నడిచారు.