బోరులోకి వెనుదిరిగే విషం

"పిచికారీ అక్కరలేదు, డ్రిప్పులో వదిలితే చాలు." కర్నూలు, కడప జిల్లాల తోటలలో పురుగుమందు గురించి ఈ సలహా మీరు వినే ఉంటారు. మందు గాలిలో తేలదు, పీల్చే ప్రమాదం తగ్గుతుంది, కూలి ఖర్చు మిగులుతుంది. ఇదంతా నిజమే, కాదనను. అయితే ఆ సలహా ఇచ్చేవారు బోరు సంగతి ఎత్తరు.

మోటారు నడుస్తుండగా కరెంటు పోయిందనుకోండి. పైకెక్కిన నీరు తిరిగి బోరులోకి జారుతూ గొట్టంలోని నీటిని వెనక్కు లాగుతుంది. వెంచురీ ద్వారా ఆ గొట్టంలో కలిసిన మందూ దానితోనే పోతుంది. దీనిని ఆపడానికి నాన్‌రిటర్న్ వాల్వు, గాలిని లోనికి వదిలే వాల్వు, మోటారు ఆగగానే మందు కూడా ఆగే ఏర్పాటు కావాలి. అమెరికాలో 1987లోనే ఇటువంటి రక్షణలను మందు లేబులు మీద షరతులుగా చేర్చమన్నారు. మన రాష్ట్రంలో సూక్ష్మసేద్య పథకం 2003లో ఆరంభమైంది. నేటికి మీ ఊరిలో ఎన్ని బోర్లకు అవన్నీ ఉన్నాయో మీరే లెక్కించి చూడండి. ఎరువు కోసం బిగించిన వెంచురీలోనే విషం కూడా పోయడం ఏ శాస్త్రం?

ఆ బోరు నీటినే కూలీలు తాగుతారు, పశువులకూ పెడతారు. పైగా మన నేల సంగతి బెలుం గుహలు చూసినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. సున్నపురాతి పగుళ్ళలో నీరు గట్టు ఎవరిదని అడగదు; మీ బోరులో పడినది పక్క చేను బోరులో తేలవచ్చు.

ఇక పండు మాట. వేరు పీల్చుకునే మందు చెట్టు లోపలికి చేరుతుంది, పైపైన కడిగితే పోదు. 1985 జూలైలో కాలిఫోర్నియాలో పుచ్చకాయలు తిని వెయ్యిమందికి పైగా జబ్బుపడ్డారు. కారణం ఆల్డికార్బ్, ఆ పంటకు అనుమతే లేని మందు. మన కలింగర తోటలకు ఇది వర్తించదా?

"ఇప్పటి మందులు అంత ప్రమాదం కాదు" అంటారు దుకాణంలో. వైద్యునిగా ఒక్కటి చెబుతాను: మోనోక్రోటోఫాస్ వంటి వాటి విషానికి అట్రోపిన్ అయినా ఉంది, డ్రిప్పులో విరివిగా వాడే ఇమిడాక్లోప్రిడ్‌కు ప్రత్యేకమైన విరుగుడు లేదు.

డబ్బా మీద మీ పంట పేరు, డ్రిప్పులో ఇవ్వవచ్చునన్న మాట, కోతకు ముందు ఆగవలసిన రోజులు లేకుంటే ఆ మందును డ్రిప్పులో వదలకండి. రాయితీ ఇచ్చే ప్రభుత్వం రక్షణ వాల్వులు లేని యూనిట్‌కు బిల్లు చెల్లించరాదు. అంతవరకు, మందు కలిపే బోరు దగ్గర తాగునీటి బిందె పెట్టకండి.