దొంగ సరుకుతో స్వేచ్ఛ రాదు

సాఫ్టువేరును డబ్బు పెట్టి కొనేవాడంత వెర్రివాడు లేడన్నది మన ఇళ్ళలో ఎవరూ ప్రశ్నించని సిద్ధాంతం. కిరాణా కొట్టులో పది రూపాయల బాకీ ఉంటే నిద్రపట్టని పెద్దమనుషులు సైతం తాళం పగలగొట్టిన సాఫ్టువేరును నిస్సంకోచంగా వాడుకొంటారు. పైగా దానికొక ఆదర్శపు ముసుగు తొడుగుతారు. "లక్షల కోట్ల కంపెనీకి మనం ఎగ్గొట్టే పదివేలు ఒక లెక్కా? ఇది పేదవాడి తిరుగుబాటు" అంటారు. నేనూ చాలాకాలం ఆ మాటే అన్నాను. అది తిరుగుబాటు కాదని, తెలియక చేసే ఊడిగమని ఇప్పుడు నా అభిప్రాయం. ఆ అభిప్రాయానికి నేను చెల్లించిన మూల్యం ముందుగా చెబుతాను.

2019లో మా నాన్నగారి వ్యాసాలను పుస్తకంగా తేవాలని ఒక డి.టి.పి. దుకాణంలో ఇచ్చాను. దుకాణదారు సజ్జనుడు, పనిమంతుడు. కాని ఆయన కంప్యూటరులో ఉన్నదంతా దొంగ సరుకే. ఒకనాడు కొత్త పేజీల కూర్పు సాఫ్టువేరుకు క్రాకు వేయబోతే, ముందు యాంటీవైరస్‌ను ఆపివేయమని దానితోపాటు వచ్చిన సూచనల్లో ఉందట. ఆపాడు. మర్నాటికి ఫైళ్ళన్నిటికీ తాళాలు పడ్డాయి. విప్పాలంటే డాలర్లు పంపమని తెరమీద ఒక ఉత్తరం వెలసింది. నా పెన్‌డ్రైవులో ఒక పాత ప్రతి ఉంది కదా అని ధైర్యంగా ఉన్నాను. తెరిస్తే అన్నీ పిచ్చిగీతలు! అది యూనికోడు కాదు. దుకాణంలోని ఏదో ఖతికి మాత్రమే అర్థమయ్యే సంకేతాలవి. ఆ ఖతి కూడా దొంగదే, పేరు మార్చి ఎవరో ఇచ్చిపోయినది. నాకు తెలిసిన మార్పిడి పరికరాలేవీ దాన్ని విప్పలేకపోయాయి. నాన్నగారి చేతివ్రాత ప్రతులను ముందు పెట్టుకొని మొదటినుంచీ టైపు చేశాను. మూడు వ్యాసాల కాగితాలు దుకాణంలోనే ఎక్కడో పోయాయి. అవి ఇక లేవు.

దుకాణదారును నిందించి ప్రయోజనం లేదు. అదే రోజుల్లో మా ఇంటి కంప్యూటరులో ఉన్నదీ దొంగ సరుకే.

ఇక తిరుగుబాటు సంగతి. 1976లో బిల్ గేట్స్ కంప్యూటరు ఔత్సాహికులకు బహిరంగ లేఖ రాసి, మీలో చాలామంది నా సాఫ్టువేరును దొంగిలిస్తున్నారని మండిపడ్డాడు. అదే మనిషి 1998లో చైనాను గురించి మాట్లాడుతూ, ఎలాగూ దొంగిలిస్తారు గనక మా సరుకునే దొంగిలిస్తే మేలని, అలవాటుపడిన తరువాత వసూలు చేసే మార్గం చూసుకొంటామని చెప్పాడు. ఈ రెండు మాటల మధ్య ఉన్న ఇరవైరెండేళ్ళ వ్యాపారానుభవాన్ని గమనించండి. దొంగ ప్రతి ఆ కంపెనీకి ఖర్చులేని ప్రచారం. మన పిల్లలు దానిమీదే నేర్చుకొంటారు, మన పత్రాలన్నీ దాని రూపంలోనే ఉంటాయి. రేపు ఉద్యోగంలో చేరినప్పుడు యజమాని చేత అదే కొనిపిస్తారు. దొంగిలించామనుకొని మురిసిపోయేవాడు నిజానికి ఆ దుకాణానికి జీతంలేని గుమాస్తా.

భద్రత మాటకొస్తే, క్రాకు తయారుచేసినవాడు మనకు చుట్టమా, పక్కమా? కాపలావాణ్ణి బయటికి పంపితేగాని లోపలికి రానన్న అతిథికి తలుపు తీసి, ఆ తరువాత వైరస్ వచ్చిందని ఏడుస్తాం. 2017 మే నెలలో వానాక్రై ప్రపంచాన్ని చుట్టబెట్టినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లూ దాని బారినపడ్డాయి. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి నెలలోనే సవరణ విడుదల చేసింది. దెబ్బతిన్నవన్నీ దొంగ ప్రతులని నేననను. సవరణ వేసుకోకపోవడమే అక్కడి తప్పు. అయితే దొంగ ప్రతి వాడేవాడు ఎక్కడ పట్టుబడతానోనన్న భయంతో ఆ సవరణలను తన చేతులతోనే ఆపుకొంటాడు. ఒకరు చేసిన ఏమరుపాటు మరొకరికి నిత్యవ్రతం!

ఇంతమాత్రం చేత, టొరెంట్లను నిషేధించాలనే వర్గంతో నేను చేతులు కలపను. 2001లో బ్రామ్ కోహెన్ బిట్‌టొరెంట్‌ను రూపొందించినది పెద్ద ఫైలును పదిమందీ ముక్కలు ముక్కలుగా పంచుకోవడానికి. డెబియన్, లిబ్రాఫీసు వంటివి నేటికీ తమ ఫైళ్ళను ఆ దారిలో కూడా అధికారికంగా అందిస్తున్నాయి. తోడుగా ప్రతి ఫైలుకూ ఒక వేలిముద్ర వంటి సంఖ్యను ప్రకటిస్తాయి. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ ముద్ర మారిపోతుంది. దించుకొన్న ఫైలు అసలుదో కాదో మనమే పోల్చుకోవచ్చు. పంచుకోవడం నేరం కాదు. ఏం పంచుకొంటున్నామో తెలియకపోవడమే ప్రమాదం.

"ఓపెన్ సోర్సులో మాత్రం లోపాలు లేవా?" అని మిత్రులు అడుగుతారు. ఉన్నాయి. ఓపెన్ ఎస్.ఎస్.ఎల్.లోని హార్ట్‌బ్లీడ్ లోపం రెండేళ్ళపాటు ఎవరి కంటా పడక 2014లో బయటపడింది. మూలం తెరిచి ఉన్నంత మాత్రాన ఎవరో ఒకరు చదువుతూనే ఉంటారనుకోవడం భ్రమ అని అది తేల్చింది. ఎక్స్‌జెడ్ అనే చిన్న సాఫ్టువేరులోకి ఒకడు రెండేళ్ళకు పైగా సేవకుడిలా మెలగి, నిర్వాహకుడై, దొంగదారి చొప్పించాడు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, లాగిన్‌కు అరసెకను ఎక్కువ పడుతోందేమిటని ఆరా తీసి దాన్ని పట్టుకొన్నాడు. ఆయన మైక్రోసాఫ్ట్ ఉద్యోగి కావడం విశేషం. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ దొంగ ఎవరో తేలలేదు గాని, దొంగతనం బయటపడింది. అనుమానం వచ్చినవాడు ఎవరి అనుమతీ అడగకుండా మూలం తెరిచి చూడగలిగాడు గనక బయటపడింది. క్రాకులో మనకు అనుమానించే అవకాశమే లేదు.

అందరూ రేపే లినక్సుకు మారాలని నేననను. వృత్తిరీత్యా ఒక ఖరీదైన సాఫ్టువేరు తప్పనిసరి అయినవారు దాన్ని కొనండి. మిగిలిన మనబోటివారికి ఉత్తరాలకూ, వ్యాసాలకూ, పద్దులకూ లిబ్రాఫీసు చాలు. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్ళ తరబడి గ్నూ/లినక్సుతోనే పిల్లలకు పాఠాలు చెబుతున్నాయి. మండలి, రామభద్ర, గిడుగు వంటి తెలుగు ఖతులు స్వేచ్ఛా లైసెన్సుతో లభిస్తున్నాయి. వాటిని దొంగిలించవలసిన అగత్యమే లేదు. ఆదా అయిన సొమ్ములో పదోవంతైనా వాటిని తయారుచేసేవారికి పంపండి. ఊరికే వచ్చినదాన్ని ఎవరూ పోషించకపోతే ఏమౌతుందో హార్ట్‌బ్లీడ్ చెప్పనే చెప్పింది.

నాన్నగారి పుస్తకం లిబ్రాఫీసులో, యూనికోడులో, మండలి ఖతిలో పూర్తయింది. ఇరవై ఏళ్ళ తరువాత ఎవరు తెరిచినా అక్షరాలు అక్షరాలుగానే కనబడతాయి. విషయసూచికలో మాత్రం ఆ మూడు వ్యాసాల పేర్ల కింద "అలభ్యం" అని వేశాను. ఉచితంగా వచ్చిన సాఫ్టువేరుకు మా ఇంట కట్టిన వెల అది. మీ ఇంటి కంప్యూటరులో ఎవరి వ్యాసాలు, ఎవరి ఫోటోలు ఉన్నాయో ఒక్కసారి చూసుకోండి.