ఆప్షన్లు పెట్టేముందు హాస్టల్ చూడండి

ఈఏపీసెట్ ర్యాంకు వచ్చిన మర్నాటి నుంచి తెలుగు ఇళ్లలో రెండే ప్రశ్నలు: ఏ బ్రాంచి, ఎంత ప్యాకేజీ? వెబ్ ఆప్షన్ల రోజున నెట్ సెంటర్లో కూర్చుని కాలేజీ కోడ్లు వరసగా పెట్టేస్తారు. నాలుగేళ్లు పిల్లలు ఉండబోయే గది ఎలాంటిది, మెస్‌లో ఏం పెడతారు, మనసు బాగోలేనప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లాలి అన్న ఊసే రాదు.

చాలామంది నమ్ముకునేది ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకు. 2016 నుంచి కేంద్రం ఇస్తున్న ఈ జాబితాలో ఇంజనీరింగ్ కాలేజీలకు బోధన వనరుల కింద 30 మార్కులు, పరిశోధనకు 30, ఫలితాలకు 20, అన్ని వర్గాలకూ చోటివ్వడానికి 10, పేరుప్రతిష్ఠలకు 10. విద్యార్థి సంతోషానికంటూ విడిగా ఒక్క మార్కూ లేదు. ర్యాంకు చెప్పని ఆ సంగతి కుటుంబమే వెళ్లి తెలుసుకోవాలి.

2022 జూన్‌లో బాసర ట్రిపుల్ ఐటీ విద్యార్థులు ఎండనక వాననక గేటు దగ్గర బైఠాయించారు. చాలామంది ఊళ్లలోని సర్కారు బడుల్లో చదివి, పదో తరగతి మార్కులతో సీటు తెచ్చుకున్నవాళ్లు. వాళ్లు అడిగినవాటిలో రెగ్యులర్ వైస్ చాన్సలర్, సరిపడా అధ్యాపకులు, ల్యాప్‌టాప్‌లు, హాస్టల్ వసతులు అన్నీ ఉన్నాయి. మరుసటి నెలలోనే మెస్ భోజనం తిని ఎందరో ఆస్పత్రి పాలయ్యారు. చదువు వేరు, బతుకు వేరు అని ఆ పిల్లలు అనుకోలేదు. వాళ్ల డిమాండ్ల జాబితాలో పంతులూ పరుపూ పక్కపక్కనే ఉన్నాయి.

అలాగని సుఖంగా గడిచిపోతే చాలనీ కాదు. క్లాసులు జరగని కాలేజీ మొదటి ఏడాది హాయిగానే ఉంటుంది, బ్యాక్‌లాగులు పేరుకునేదాకా.

అమెరికాలో 2014లో గ్యాలప్ సంస్థ, పర్డ్యూ విశ్వవిద్యాలయం కలిసి 30 వేలమందికి పైగా పట్టభద్రులను ప్రశ్నించాయి. ఎంత పేరున్న కాలేజీలో చదివారన్నది తర్వాతి జీవితంలో పెద్ద తేడా చూపలేదు. తమను పట్టించుకుని ప్రోత్సహించిన అధ్యాపకుడు దొరికినవాళ్లు మాత్రం ఉద్యోగంలో ఎక్కువ మనసు పెట్టి పనిచేస్తున్నట్టు తేలింది.

ఇప్పుడు తల్లిదండ్రులకు న్యాయస్థానం అండ కూడా ఉంది. విశాఖలో నీట్‌కు చదువుతున్న ఓ విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది లేదా అంతకుమించి విద్యార్థులున్న సంస్థ శిక్షణ పొందిన కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సామాజిక కార్యకర్తనో నియమించాలి. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం కూడదు.

కాబట్టి ఆప్షన్లు పెట్టేముందే, క్లాసులు జరిగే రోజు చూసుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లండి. మెస్‌లో ఒక పూట తినండి. కాలేజీవాళ్లు చూపించిన విద్యార్థితో కాకుండా, క్యాంటీన్లో కనబడిన సెకండియర్ పిల్లలతో మాట్లాడండి. ఏడాది మధ్యలో ఎందరు అధ్యాపకులు మానేశారు, ఒక సబ్జెక్టు తప్పితే సాయం చేసేదెవరు అని అడగండి. కౌన్సెలర్ గది ఎక్కడో ఆఫీసులో ఎవరూ చెప్పలేకపోతే, ప్యాకేజీ ఎంత పెద్దదైనా సరే, ఆ కాలేజీని మీ జాబితాలో కిందికి దించేయండి.