ప్రైవేట్ పాటలు, నాలుగు ఎపిసోడ్ల నాటకాలు

మా టీములో కొత్తగా చేరిన కుర్రాడొకడు మొన్న లంచ్ టైములో "అన్నా, నువ్వు ఇండీ పాటలు వింటావా?" అని అడిగాడు. ఇండీ అంటే ఏంట్రా అంటే "సినిమావి కాని పాటలన్నా" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. దానికి మా తాతయ్య దగ్గర అచ్చ తెలుగు పేరుండేది: ప్రైవేట్ పాటలు. (సరే, అచ్చ తెలుగు అనలేం లెండి :))

గ్రామఫోన్ రోజుల్లో సినిమాతో సంబంధం లేకుండా వచ్చిన రికార్డుని ప్రైవేట్ రికార్డు అనేవాళ్ళు. గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల, కరుణశ్రీ గారి 'పుష్పవిలాపం' పాడింది అలాంటి రికార్డు మీదే. పూలు కోయబోతే పూలే ఏడుస్తాయి, అంతే కథ. హీరో లేడు, హీరోయిన్ లేదు, సిట్యుయేషన్ లేదు. అయినా మా ఊళ్ళో పెళ్ళి పందిట్లో మైకు పెట్టి మరీ వేసేవారట. పెళ్ళిలో ఆ ఏడుపు పద్యాలేంటో నాకిప్పటికీ అర్థం కాదు, అది వేరే సంగతి.

ఇంతకీ కుర్రాడు నాకు చౌరస్తా బ్యాండ్ వాళ్ళ 'ఊరెళ్ళిపోతా మామ' వినిపించాడు. ఆ బ్యాండు హైదరాబాదుది, పాట 2018 ప్రాంతంది. నాకది తెలియకుండా ఇన్నాళ్ళు ఎలా బతికానా అనిపించింది. సిటీలో ఉద్యోగం చేసుకునేవాడు ఊరి మీద బెంగ పెట్టుకోవడం, అంటే సరిగ్గా మన బాపతు జనం గురించే. నేను ఆదివారం రాత్రి బెంజి సర్కిల్ దగ్గర బస్సు కోసం నిలబడి హైదరాబాదుకి బ్యాగు మోసిన రోజుల్లో ఈ పాట ఉండుంటే కనీసం పదిసార్లు వెనక్కి తిరిగి ఇంటికెళ్ళిపోయేవాణ్ణి.

అక్కణ్ణుంచి ఒకదాని వెనక ఒకటి వింటూ పోతే నాకో అనుమానం పట్టుకుంది. పాటలు ఉన్నాయి, పాడేవాళ్ళు ఉన్నారు. మరి నాకెందుకు తెలియలేదు? నాకు పాటని చేర్చేవాడు ఎవడూ లేడు కాబట్టి. యాప్ ఉందిగా అంటారేమో. యాప్ చేసే పని మనందరికీ తెలిసిందే, మనలాంటి వాళ్ళు రాసిందేగా. నిన్న విన్నదాని లాంటిదే ఇవాళ ఇస్తుంది. సినిమా పాటలు వినేవాడికి ఇంకో వంద సినిమా పాటలు ఇస్తుంది. "ఇది నీకు నచ్చకపోవచ్చు, అయినా ఓసారి విని చూడు" అనే ధైర్యం దానికుండదు.

ఆ ధైర్యం ఉన్న మనిషి ఇంగ్లండులో ఒకాయన ఉండేవాడు, జాన్ పీల్. 1967 నుంచి 2004లో చనిపోయేదాకా బీబీసీ రేడియో 1లో ఉన్నాడు. ఊరూపేరూ లేని కుర్రాళ్ళు పంపిన టేపులు విని, నచ్చితే వేసేవాడు. 1978లో అండర్‌టోన్స్ అనే ఐర్లండు కుర్రాళ్ళ పాట వేసి, అది అయిపోగానే మళ్ళీ అదే వేశాడు! ఏ కంపెనీ చెప్పింది? ఎవ్వరూ చెప్పలేదు, ఆయనకి నచ్చింది. ప్రకటనలు లేని రేడియో కాబట్టి చెల్లింది. ఆ ఖర్చు జనం కట్టే లైసెన్సు ఫీజులోంచి వస్తుంది, 2025లో అది ఇంటికి ఏడాదికి 174.50 పౌండ్లు. 2010లో బీబీసీ ఖర్చు తగ్గించుకోవాలని, కొత్త పాటలు వేసే '6 మ్యూజిక్' స్టేషన్ని మూసేస్తామంది. వినేవాళ్ళు గోల గోల చేసి ఆపించుకున్నారు.

మరి మనకి లేదా అలాంటిది? భేషుగ్గా ఉండేది. బందరు రోడ్డు మీద పున్నమ్మతోటలోనే ఉంది. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి. బాలాంత్రపు రజనీకాంతరావు గారు అక్కడ స్టేషన్ డైరెక్టరుగా పనిచేశారు. ఆయనే పాట రాస్తారు, ఆయనే బాణీ కడతారు. సంగీతం తెలిసినవాడు ఆఫీసరు కుర్చీలో కూర్చుంటే ఎలా ఉంటుందో ఊహించండి. మంగళంపల్లి బాలమురళీకృష్ణ, శ్రీరంగం గోపాలరత్నం ఆ స్టేషన్లో పనిచేసినవాళ్ళే. భక్తిరంజని, లలిత గీతాలు, నాటకాలు... సినిమావాళ్ళ దయ అక్కర్లేకుండా తెలుగువాడికి పాటా నాటకం పొద్దున్నే ఇంటికొచ్చేవి. మనకీ అప్పట్లో లైసెన్సు ఉండేది, పోస్టాఫీసులో కట్టేవాళ్ళు. మా తాతయ్య రేడియో లైసెన్సు పుస్తకం స్టాంపులతో సహా ఇంకా మా బీరువాలో ఉంది.

లైసెన్సు ఎత్తేశారు, టీవీ వచ్చింది, ప్రకటనలు వచ్చాయి, అక్కణ్ణుంచి అంతా సినిమానే. పాప్ అన్నా సినిమానే! మన విజయవాడ అమ్మాయి స్మిత 2000లో 'హాయ్ రబ్బా' అంటూ వస్తే అందరం సంబరపడ్డాం (నేను అప్పుడు నిక్కర్లేసుకునే వయసు, అయినా సంబరపడ్డట్టే గుర్తు). తర్వాత ఆవిడ కూడా పాత సినిమా పాటల రీమిక్సులే చేయాల్సొచ్చింది. తప్పు ఆవిడది కాదు, అడిగింది మనం.

సరే, పాటల గోల ఆపి నాటకాలకొద్దాం. పాటలకి పట్టిన గతే కథలకీ పట్టింది కాబట్టి రెండూ కలిపే చెబుతున్నా. 1855 నాటి ఆనకట్ట తర్వాత బ్రిటిష్ వాళ్ళ దగ్గర్నుంచి మన డెల్టాకి పనికొచ్చే సరుకేదన్నా వచ్చిందంటే అది వాళ్ళ చిన్న సీరియళ్ళే అంటాను నేను. మన 'కార్తీకదీపం' 2017 నుంచి 2023 దాకా పదిహేను వందల ఎపిసోడ్లు దాటింది. అదే 'హ్యాపీ వ్యాలీ' మొత్తం పద్ధెనిమిది. 2016లో రెండో సీజన్ అయ్యాక, అందులో పిల్లాడు నిజంగా పెరిగి పెద్దయ్యేదాకా ఆగి, 2023లో మూడోది తీశారు. మనవాళ్ళయితే మర్నాడే ఇంకో పిల్లాణ్ణి పెట్టేసేవారు. (వాళ్ళకీ జీడిపాకం లేకపోలేదు, 'కరొనేషన్ స్ట్రీట్' 1960లో మొదలెట్టి అదేపనిగా సాగదీశారు.) 2025లో వచ్చిన 'అడాలసెన్స్' చూసే ఉంటారు. నాలుగు ఎపిసోడ్లు, ఒక్కోటి కట్ లేకుండా ఒకే షాట్. అందరూ ఆ షాట్ గురించే మాట్లాడారు గానీ నన్ను పట్టుకున్నది ఆ తండ్రి. పిల్లాడు తన గదిలోనే ఉన్నాడు కదా అని నిశ్చింతగా ఉన్న మనిషి.

కానీ మన వృత్తిలో వాళ్ళు తప్పనిసరిగా చూడాల్సింది ఇంకోటుంది. 'మిస్టర్ బేట్స్ వర్సెస్ ది పోస్టాఫీస్'. 2024 జనవరి 1 నుంచి నాలుగు రాత్రులు ఐటీవీలో వచ్చింది. కథ కాదు, జరిగింది. ఫుజిట్సు వాళ్ళు చేసిన హొరైజన్ అనే సాఫ్ట్‌వేర్‌ని 1999 నుంచి బ్రిటన్ పోస్టాఫీసుల్లో పెట్టారు. సాయంత్రం లెక్క తేలకపోతే, తక్కువ పడింది పోస్ట్‌మాస్టరు జేబులోంచి కట్టాలి. కట్టలేకపోతే దొంగతనం కేసు. అలా 2015 దాకా తొమ్మిది వందల మందికి పైగా దోషులయ్యారు. కొందరు జైలుకెళ్ళారు. కొందరు ప్రాణాలు తీసుకున్నారు. తప్పు సాఫ్ట్‌వేర్‌ది!

ఒక సీను ఉంది. పల్లెటూరి పోస్టాఫీసు నడిపే ఒకావిడ లెక్క తేలక హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తుంది. వాళ్ళు చెప్పిన బటన్లన్నీ నొక్కుతుంది. స్క్రీన్ మీద లోటు ఆవిడ కళ్ళముందే రెట్టింపవుతుంది. నేను అక్కడ ఆపేసి లేచి మంచినీళ్ళు తాగొచ్చాను. ఎందుకంటే అవతల ఫోన్లో ఉన్నది నేనే. "మా వైపు అంతా బానే ఉందండీ, యూజర్ ఎర్రర్ అయ్యుంటుంది" అని టికెట్ క్లోజ్ చేసిన రోజులు నాకున్నాయి. మీకు లేవా? ప్రొడక్షన్ డేటాబేసులోకి వెళ్ళి చేత్తో ఒక రో సరిచేసి, ఎవరికీ చెప్పని రోజు? హొరైజన్లోనూ అదే జరిగింది. బ్రాంచి లెక్కల్ని దూరం నుంచి మార్చే వీలు కంపెనీవాళ్ళకుంది, అలాంటిదేం లేదని పోస్టాఫీసు ఏళ్ళ తరబడి బుకాయించింది.

'కంప్యూటర్ వీక్లీ' పత్రిక ఈ సంగతి 2009లోనే రాసింది. 2019లో హైకోర్టు సాఫ్ట్‌వేర్‌లో తప్పులున్నాయని తీర్పు చెప్పింది. అయినా ఇంకా వందల మంది మీద ఆ మచ్చ అలాగే ఉండిపోయింది. నాటకం వచ్చిన వారం తిరక్కుండా ప్రధాని చట్టం తెస్తామన్నాడు, మే 24న చట్టం వచ్చేసింది. ఇంతా చేసి ఆ నాటకం మీద ఐటీవీకి లాభం లేకపోగా పది లక్షల పౌండ్ల దాకా నష్టమట, ఆ సంస్థ పెద్దలే చెప్పారు.

మన దగ్గర కథలు లేకనా? విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ తీసుకోండి. ఈడీ లెక్క ప్రకారం 32 లక్షల మంది డిపాజిటర్లు, సుమారు 6,380 కోట్లు. డబ్బు పోయినవాళ్ళే కాదు, చుట్టాల చేత, పక్కింటివాళ్ళ చేత కట్టించి, తర్వాత వీధిలోకి రాలేకపోయిన ఏజెంట్లు. బేట్స్ లాగా సంఘం పెట్టుకుని ధర్నాలు చేసిన మనుషులు. 2019లోనూ 2021లోనూ చిన్న మొత్తాల వాళ్ళకి ప్రభుత్వం కొంత ఇచ్చింది, మిగతావాళ్ళు మిగిలిపోయారు. నాలుగు ఎపిసోడ్లకి ఇంతకంటే ఏం కావాలి? తీసేవాళ్ళు లేరా అంటే, 2024లో ఈటీవీ విన్‌లో వచ్చిన '90స్' ఆరు ఎపిసోడ్లలో ఒక మధ్యతరగతి ఇంటిని ఎంత బాగా చూపించిందో చూశాం. హీరో, ఫైటూ లేకుండానే జనం చూశారు.

డబ్బులెవరు పెడతారంటారా? నేను నా కార్డు స్టేట్‌మెంట్ తీసి చూశాను. నెలకి నాలుగు సబ్‌స్క్రిప్షన్లు. అందులో తెలుగు పాటకి, తెలుగు నాటకానికి నేరుగా వెళ్ళేది ఎంతో వెతికితే దాదాపు సున్నా. యార్క్‌షైర్ యాస నాకిప్పుడు సబ్‌టైటిల్స్ లేకుండా సగం అర్థమవుతుంది గానీ, అవనిగడ్డలో జరిగే కథ టీవీలో చూసి ఎన్నేళ్ళయిందో గుర్తులేదు.

మా కుర్రాడికి ఇదంతా చెబితే "అన్నా, నువ్వు చాలా ఫీలైపోతున్నావ్" అన్నాడు. వాడికి 'పుష్పవిలాపం' పంపాను. రెండు రోజులు చప్పుడు లేదు. మూడోరోజు పొద్దున్నే మెసేజ్: "ఇలాంటివి ఇంకా ఉన్నాయా?"