చందనం చెట్టు ఎవరిది?

తమిళనాడులోని ధర్మపురి జిల్లాలో పాలక్కోడు వైపున్న వెల్లిచందై లాంటి ఊళ్ల చుట్టుపక్కల చందనాన్ని ఎవరూ నాటక్కర్లేదు. పిట్టలు పండు తిని గింజ వదిలితే గట్టు మీద అదే మొలుస్తుంది. పక్కనున్న కంది వేళ్లకో కానుగ వేళ్లకో తన వేళ్లు తగిలించి, కొంత తిండి అక్కడే లాక్కుంటుంది.

అలాంటి మొక్కను చూసి ఒకప్పటి రైతు సంతోషించలేదు. 1792లో టిప్పు సుల్తాన్ చందనాన్ని రాచవృక్షంగా ప్రకటించాడు. ధర్మపురి ఉన్న బారామహల్ ఆ ఏడే ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చింది. దొరలు మారినా చందనం మీద సర్కారు పట్టు సడలలేదు. పొలం రైతుది, చెట్టు సర్కారుది. దొంగలు నరుక్కుపోతే సంజాయిషీ మాత్రం రైతే చెప్పుకోవాలి. అందుకే చాలామంది మొలకలోనే పీకేశారు. అడవిలో మిగిలిన చందనం మీద స్మగ్లర్ వీరప్పన్ లాంటివాళ్లు పడ్డారు. అతడు 2004 అక్టోబరు 18న పోలీసు కాల్పుల్లో చనిపోయింది ఈ జిల్లాలోని పాప్పారపట్టి దగ్గరే.

తుపాకులు అంతం చేసింది ఒక ముఠాను. రైతు భయాన్ని తగ్గించింది చట్టం. 2001లో కర్ణాటక, 2002లో తమిళనాడు పట్టా భూమిలోని చందనం భూమి యజమానిదేనని సవరణలు తెచ్చాయి. నరకడానికీ అమ్మడానికీ అటవీ శాఖ అనుమతి ఇప్పటికీ కావాలి. అయినా మొక్కను పీకేయాల్సిన అవసరం పోయింది.

మన ఎర్రచందనానికి ఈ కథతో చాలా పని ఉంది. దానికి సువాసన లేదు. ఉన్నదంతా చేవలోని ఎరుపూ, బరువూ. చైనాలో ఖరీదైన చెక్క సామాను, జపాన్‌లో షమిసెన్ వాద్యం మెడ దాంతో చేస్తారు. ఆ గిరాకీ కోసం దాన్ని దొంగచాటుగా నరకడానికి శేషాచలం కొండలెక్కే కూలీల్లో ధర్మపురి, తిరువణ్ణామలై కొండల పేదలెందరో. 2015 ఏప్రిల్ 7న చంద్రగిరి దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయిన 20 మందీ తమిళనాడువాళ్లే. దుంగ ధరలో వాళ్లకు దక్కేది కూలి డబ్బులే. ఆ చావులను దొంగల లెక్కలో రాసేసి ఊరుకోవడం నాకు చేతకాదు.

అడవికి కాపలా ఉండాల్సిందే. దాంతోపాటు పట్టా భూముల్లో ఎర్రచందనం పెరగాలి. 2019లో కేంద్రం అలాంటి కలప ఎగుమతికి వీలు కల్పించింది. చేవ పట్టేదాకా దశాబ్దాలు ఓపిక పట్టిన రైతును నరకడానికొక సంతకం, లారీ ఎక్కించడానికొక సంతకం అంటూ ఆఫీసుల చుట్టూ తిప్పకూడదు. పట్టుబడిన దుంగలను రాష్ట్ర ప్రభుత్వం ఈ-వేలంలో ప్రపంచమంతటికీ అమ్మగలిగింది. రైతు దుంగకూ అంత తేలికైన దారి కావాలి.